మట్టిలోని మిత్రులకు పరీక్ష

మదనపల్లె టమాటాలకు పేరుపడిన ఊరు. పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో టమాటాతోపాటు వేరుశనగ కూడా పండిస్తారు. ఈ పొలాల్లో ఒక గ్రాము మట్టి తీసుకుంటే అందులో కోట్ల బాక్టీరియాలుంటాయి. వాటిలో కొన్ని రోగం తెస్తాయి. టమాటా మొక్కను పచ్చగా ఉండగానే వడలగొట్టే రాల్‌స్టోనియా అటువంటిదే. మరికొన్ని మొక్క ఎదుగుదలకు తోడ్పడతాయి.

ఎలా తోడ్పడతాయి? వేరు చుట్టూ ఉండే మట్టిపొరకు 1904లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లోరెంజ్ హిల్ట్‌నర్ 'రైజోస్ఫియర్' అని పేరు పెట్టాడు. వేరు నుంచి ఊరే చక్కెరలే అక్కడి బాక్టీరియాలకు ఆహారం. వాటిలో కొన్ని గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మారుస్తాయి. కొన్ని ఆమ్లాలను విడిచి, మట్టిలో కరగకుండా ఉన్న భాస్వరాన్ని కరిగిస్తాయి. ఇంకొన్ని వేళ్లు పెరగడానికి హార్మోన్లు తయారుచేస్తాయి.

ఇన్ని కోట్లలో మేలు చేసేదాన్ని పట్టుకోవడమెలా? ఒక్కొక్కదాన్నీ మొక్కకు పెట్టి చూడాలంటే నెలలు పడుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు ముందు జన్యువులను వెదుకుతారు. నత్రజనిని పట్టే ఎంజైము నైట్రోజినేజ్. అందులో ఒక భాగాన్ని తయారుచేయించే జన్యువు 'నిఫ్-హెచ్'. 1983లో కేరీ మల్లిస్ కనిపెట్టిన పి.సి.ఆర్. పద్ధతిలో, ప్రైమర్లు అనే చిన్న డి.ఎన్.ఎ. ముక్కలు ఆ జన్యువును వెదికి అతుక్కుంటాయి. జన్యువు ఉంటే దాని నకళ్లు కోట్లుగా పెరిగి, జెల్ మీద పట్టీలా కనిపిస్తాయి. లేకపోతే పట్టీ రాదు. ఈ జల్లెడతో కొద్ది గంటల్లోనే ఎన్నో బాక్టీరియాలను పరీక్షించవచ్చు.

అయితే జన్యువు ఉన్నంత మాత్రాన పని జరిగిపోతుందా? పొయ్యి ఉన్నంత మాత్రాన అన్నం ఉడకదు కదా! మట్టిలో యూరియా ఎక్కువైతే బాక్టీరియాలు నత్రజనిని పట్టే పని మానేస్తాయి. ఒక నేలలో మేలు చేసిన బాక్టీరియా మరో నేలలో అక్కడివాటి పోటీకి తట్టుకోలేకపోవచ్చు. అందుకే జల్లెడలో నిలిచినవాటిని కుండీల్లోనూ, తర్వాత ఆయా పొలాల్లోనూ పరీక్షించాలి. ఆ పరీక్షలు జరగని జీవ ఎరువును కొన్న రైతుకు డబ్బూ పోవచ్చు, పంటకాలమూ పోవచ్చు.

ఇటువంటి పరీక్ష ఒకటి మీరూ చేయవచ్చు. పూత దశలో ఉన్న వేరుశనగ మొక్కను మట్టితో సహా తవ్వి, వేళ్లు కడగండి. వాటిపై చిన్న బుడిపెలు కనిపిస్తాయి. పెద్దల సాయంతో ఒక బుడిపెను బ్లేడుతో కోయండి. లోపల గులాబీరంగు ఉంటే అక్కడ లెగ్‌హీమోగ్లోబిన్ ఉందన్నమాట, బాక్టీరియా నత్రజనిని పడుతోందన్నమాట. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని జరగడం లేదు. ఒక్కో మొక్కకు గులాబీరంగు బుడిపెలు ఎన్ని ఉన్నాయో లెక్కించి, రెండు పొలాలను పోల్చి చూడండి.