గ్రీకు అక్షరాల్లో శాఖల వంశక్రమం

అమెరికా కళాశాలల్లో విద్యార్థుల సోదర సంఘాలను ఫ్రటర్నిటీలనీ, విద్యార్థినుల సంఘాలను సోరోరిటీలనీ పిలుస్తారు. ఇలాంటి సంఘానికి సాధారణంగా రెండు మూడు గ్రీకు అక్షరాలు పేరుగా ఉంటాయి. అది ఒక్కొక్క కళాశాలలో నెలకొల్పే శాఖకు, అంటే చాప్టర్‌కు, వేరుగా మరికొన్ని అక్షరాలు దక్కుతాయి. ఈ రెండో పేరును ఏ నియమం ప్రకారం పెట్టారో తెలిస్తే, ఆ సంఘం ఎలా విస్తరించిందో అందులోనే చదువుకోవచ్చు.

ఈ సంప్రదాయానికి మూలం 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో ఏర్పడిన ఫై బీటా కప్పా. జ్ఞానప్రేమే జీవితానికి మార్గదర్శి అనే అర్థమున్న గ్రీకు సూక్తిలోని మూడు పదాల తొలి అక్షరాలే దాని పేరు. ఆ సంఘం తన శాఖలను రాష్ట్రాలవారీగా లెక్కించినందువల్ల, యేల్‌లోని శాఖ ఆల్ఫా ఆఫ్ కనెక్టికట్‌గా, హార్వర్డ్‌లోనిది ఆల్ఫా ఆఫ్ మసాచుసెట్స్‌గా పేరు పొందాయి. 1848లో ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఫై డెల్టా థీటా కూడా రాష్ట్రాన్నే ఆధారంగా తీసుకుని తన తొలి శాఖను ఒహాయో ఆల్ఫా అని పిలిచింది.

మరికొన్ని సంఘాలు రాష్ట్రాలతో నిమిత్తం లేకుండా దేశమంతటికీ ఒకే వరుసను పాటించాయి. 1906లో కార్నెల్‌లో ఆఫ్రికన్ అమెరికన్ విద్యార్థులు స్థాపించిన ఆల్ఫా ఫై ఆల్ఫాలో కార్నెల్ శాఖ ఆల్ఫా కాగా, ఆ తర్వాత హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఏర్పడినది బీటా అయింది. గ్రీకు వర్ణమాలలో ఉన్నవి 24 అక్షరాలే కనుక, అవి పూర్తయ్యాక ఆల్ఫా ఆల్ఫా, ఆల్ఫా బీటా అంటూ జంటలు మొదలవుతాయి. ఒంటి అక్షరాలకు 576 జంటలు తోడైతే మొత్తం 600 పేర్లు సమకూరతాయి.

అయితే ఈ వరుస అన్ని సంఘాలకూ శాసనం కాదు. 1844లో యేల్‌లో పుట్టిన డెల్టా కప్పా ఎప్సిలాన్ తన మాతృశాఖకు ఆల్ఫాను కాక ఫై అక్షరాన్ని ఇచ్చుకుంది. చదువు ముగించినవారి శాఖలను గుర్తించడానికి ఆల్ఫా ఫై ఆల్ఫా పేరు చివర లామ్డాను చేర్చగా, హోవర్డ్‌లో 1908లో ఆరంభమైన ఆల్ఫా కప్పా ఆల్ఫా సోరోరిటీ అందుకు ఒమేగాను వాడుతుంది. అదే ఒమేగాను ఆల్ఫా ఫై ఆల్ఫా మరణించిన సభ్యుల కోసం ప్రత్యేకించి, వారంతా ఒమేగా చాప్టర్‌లో చేరినట్లు భావిస్తుంది.

మూతపడిన శాఖ అదే కళాశాలలో మళ్లీ తెరుచుకున్నప్పుడు పాత అక్షరాలనే తిరిగి ఇవ్వడం చాలా సంఘాల ఆనవాయితీ. దీనివల్ల తరాల మధ్య విరామం వచ్చినా, కొత్తగా చేరిన విద్యార్థులు తమకు పూర్వం అక్కడే చదివిన సభ్యుల వారసులుగా నిలుస్తారు. శాఖల పేర్లను ఇంత శ్రద్ధగా క్రమబద్ధం చేయడానికి గల సార్థకత ఈ వారసత్వంలోనే ఉంది.