హై స్టాల్ టార్క్ కన్వర్టర్: మన రోడ్ల మీద తిరిగే కారుకి ఎంత ఆర్‌పీఎం చాలు?

అమెరికా డ్రాగ్ రేస్ వీడియోలు చూసి "నా ఆటోమేటిక్ కారుకీ 3500 స్టాల్ కన్వర్టర్ వేయిస్తే?" అనుకునేవాళ్లు మనలో ఉన్నారు. అసలు ఈ స్టాల్ ఏంటో ముందు చూద్దాం.

టార్క్ కన్వర్టర్ ఉన్న కారులో ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి చేరవేసేది ఆయిల్. ఇంజిన్ వైపు పంప్ ఆయిల్‌ని విసురుతుంది, ఎదురుగా ఉన్న టర్బైన్ ఆ తోపుకి తిరుగుతుంది. చక్రాలు కదలకుండా ఆపి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ ఒక ఆర్‌పీఎం దాకా వెళ్లి అక్కడే ఆగుతుంది. అదే స్టాల్ స్పీడ్. కంపెనీ కార్లలో ఇది 2000 చుట్టుపక్కల ఉంటుంది. దీన్ని పెంచితే, కారు కదిలే క్షణానికే ఇంజిన్ తన బలమైన ఆర్‌పీఎంలో ఉంటుంది.

చాలామంది మిస్సయ్యే పాయింట్ ఒకటుంది. డబ్బా మీద రాసిన స్టాల్ నంబర్ ఫిక్స్‌డ్ కాదు, మీ ఇంజిన్ టార్క్‌ని బట్టి మారుతుంది. 200 ఎన్‌ఎం ఇంజిన్‌తో 2000 దగ్గర ఆగే కన్వర్టర్, 300 ఎన్‌ఎం ఇంజిన్‌తో సుమారు 2450 దాకా వెళ్తుంది. టార్క్ ఒకటిన్నర రెట్లయితే స్టాల్ దాని వర్గమూలం మేరకే పెరుగుతుంది మరి. అందుకే అమ్మేవాళ్లకి కారు బరువు, టైర్ సైజు, టార్క్ కర్వ్ చెప్పకుండా కేవలం నంబర్ చూసి కొనొద్దు.

2022లో వచ్చిన వర్టస్ 1.0 టీఎస్‌ఐ ఆటోమేటిక్‌నే తీసుకోండి. 178 ఎన్‌ఎం 1750 ఆర్‌పీఎం నుంచే వచ్చేస్తుంది, ఇక హై స్టాల్‌తో పెద్దగా వచ్చేదేం లేదు. అదే కారు 1.5 డీఎస్‌జీలో అసలు కన్వర్టరే ఉండదు! 2016లో మన దగ్గరికొచ్చిన మస్టాంగ్ జీటీలో మాత్రం 515 ఎన్‌ఎం 4250 దగ్గర గానీ రాదు, అక్కడ కాస్త అర్థముంది. పెద్ద టర్బో వేయించిన కారైతే అది వేరే కథ.

అసలు సమస్య వేడి. స్టాల్ కంటే కింద నడిపేటప్పుడు కన్వర్టర్ బాగా జారుతుంది, ఆ జారుడంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది. మే నెల ఎండలో హనుమకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో పాకుతుంటే లాకప్ క్లచ్ కూడా ఆదుకోదు. హైదరాబాద్ హైవే మీద 100లో వెళ్తే లాకప్ పట్టుకుంటుంది కాబట్టి పర్వాలేదు. లాకప్ లేని కన్వర్టర్‌ని రోజూ తిరిగే కారుకి నేనైతే వద్దనే అంటాను.

తప్పదనుకుంటే కంపెనీ స్టాల్ కంటే 500-800 ఎక్కువ దగ్గర ఆగండి. విడిగా ఆయిల్ కూలర్ పెట్టించండి, గేర్‌బాక్స్ కంట్రోలర్‌ని రీ-ట్యూన్ చేసేవాళ్లున్నారో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే ఆ జారుడు చూసి కంట్రోలర్ ఎర్రర్ ఇవ్వొచ్చు. వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. కొన్ని కార్లలో బ్లూటూత్ ఓబీడీ డాంగిల్‌తో గేర్ ఆయిల్ టెంపరేచర్ ఫోన్‌లోనే కనిపిస్తుంది. 120 డిగ్రీలు దాటి అక్కడే ఉంటోందంటే ఆయిల్ త్వరగా పాడవుతుంది, కారు పక్కకి ఆపి న్యూట్రల్‌లో కాసేపు చల్లారనివ్వండి.