రైతు పేరు నిలుపు విత్తనము

పదిమందికి ఉపకరించు పని యొకటి చేయవలెననియు, ఆ పనితో తన పేరు నాలుగు కాలములపాటు నిలువవలెననియు కోరుకొనని మనిషి అరుదు. ఈ కోరిక తప్పు కాదు. అయితే అట్టి ఘనకార్యములు పెద్ద చదువులు చదివినవారికే సాధ్యమని మనలో చాలమంది తలచుచుందురు. రైతు సోదరులారా! ఈ తలంపు సరికాదని మన బజారులలో అమ్ము హెచ్.ఎం.టి. బియ్యమే చాటుచున్నవి.

ఎకరమున్నర రైతు సాధించిన పని

ఆ రకమును కనుగొన్నవారు దాదాజీ రామాజీ ఖోబ్రగడే గారు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో నాందేడ్ అను చిన్న గ్రామము వారిది. ఉన్న భూమి సుమారు ఎకరమున్నర. చదువు మూడవ తరగతితోనే ఆగినది.

1983లో పటేల్-3 అను వరి చేనిలో కొన్ని వెన్నులు తక్కినవాటివలె లేకుండుట వారి కంటపడినది. మరొకరైనచో వాటిని కూడ కుప్పలో కలిపివేసి యుందురు. దాదాజీ గారు వాటిని విడిగా దాచి, మరుసటి యేడు చిన్న మడిలో విత్తి, చుట్టు ముళ్లకంప నాటి కాపాడినారు. ఇట్లు కొన్ని సంవత్సరములు ఓపికతో విత్తనమును పెంచినారు. గింజ సన్నము, అన్నము రుచికరము అగుటచే ఇరుగుపొరుగు రైతులు విత్తనము అడిగి తీసికొనిపోయినారు. ఆ దినములలో జనాదరణ పొందిన చేతిగడియారము పేరే ఆ ధాన్యమునకు స్థిరపడినది. తరువాత వారు మరికొన్ని రకములను కూడ రూపొందించినారు.

కీర్తి వచ్చినను కొరత తీరలేదు

2005లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వారిని సత్కరించినది. 2010లో ఫోర్బ్స్ పత్రిక ప్రకటించిన గ్రామీణ ప్రముఖుల జాబితాలో వారి పేరు చేరినది. కాని ఊరూర పండిన ఆ విత్తనముపై వారికి దక్కిన ఆదాయము మాత్రము స్వల్పము. వారు 2018 జూన్ 3న పేదరికములోనే కన్నుమూసినారు. విత్తనము చేతులు మారిన దినములలో రైతు హక్కును కాపాడు చట్టము మన దేశములో లేదు.

నేడు చట్టము గలదు

2001లో వచ్చిన మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము ప్రకారము, రైతు రూపొందించిన రకమును కూడ శాస్త్రజ్ఞుల రకమువలెనే నమోదు చేయించుకొనవచ్చును. రైతులకు నమోదు రుసుము లేదు. అయితే ఆ రకము ఇతర రకములకంటె స్పష్టముగా వేరుగా ఉండవలెను. మొక్కలన్నియు ఒకే తీరున ఉండవలెను. ఏటేటా ఆ గుణములు మారక నిలువవలెను.

మీరు చేయవలసినది

చేనిలో వింత మొక్క కనబడినచో దానికి గుడ్డపీలిక కట్టి గుర్తుంచుకొనుడు. చాలసార్లు అది కల్తీ విత్తనము వలన వచ్చిన బెరుకే కావచ్చును, కావున తొందరపడరాదు. ఎత్తు, కాలపరిమితి, గింజ తీరు, తెగుళ్లను తట్టుకొను శక్తి గమనించుడు. వెన్నును విడిగా కోసి, ఆరబెట్టి, చీటీ వేసి దాచుడు. మరుసటి పంటలో ఇతర వరి రకములకు కనీసము 3 మీటర్ల దూరమున, కుదురుకు ఒక్క మొక్క చొప్పున నాటుడు. తేడాగా ఉన్నవాటిని ఏరివేయుడు. మీరు ఎప్పుడు వేయు రకమును పక్కనే వేసి, దిగుబడులు తూచి పోల్చుడు.

అన్నిటికంటె ముఖ్యము, ఒక నోటుపుస్తకము పెట్టుడు. విత్తిన తేదీ, కోసిన తేదీ, దిగుబడి, విత్తనము ఎవరికి ఎంత ఇచ్చినది అన్నియు వ్రాయుడు. చూచిన కన్ను మీదైనను, సాక్ష్యము చెప్పునది ఆ పుస్తకమే.

గ్రామాధికారులకు ఒక మాట. రైతు ఒక వెన్ను పట్టుకొని మీ వద్దకు వచ్చినపుడు తేలికగా తీసివేయక, చేనికి పోయి చూడుడు. కృషి విజ్ఞాన కేంద్రము వారికి తెలియజేయుడు. నమోదు దరఖాస్తుకు జిల్లా వ్యవసాయాధికారి వంటివారి ధృవీకరణ కావలెను; అది రైతుకు అందునట్లు తోడ్పడుడు.

ప్రతి వింత వెన్ను కొత్త రకము కాదు. కాని ఒక్కటి నిజమైనచో వేల ఇండ్లలో అన్నమగును. రాబోవు కోతకు ముందు మీ చేనిలో ఒకసారి గట్టుగట్టున నడచి చూడుడు.