ఇంటి సైకిలుకు ఇంట్లోనే స్టాండు

సైకిలు చెడిపోతే మనం ముందుగా చేసే పని దానిని తలకిందులుగా నిలబెట్టడం. పంచరు వరకైతే అది చాలు. కాని మన నల్లని పెద్ద సైకిళ్లకు ఉండేవి కడ్డీ బ్రేకులు. స్ప్రింగు వదులైన బండిని తిరగవేస్తే బ్రేకు కట్టలు తమ బరువుకే రిమ్ము మీదికి జారి, చక్రాన్ని తిరగనివ్వవు. బెల్లు, బ్రేకు కడ్డీలు మట్టిలో నలిగిపోతాయి. వెనుక స్టాండు వేస్తే వెనుక చక్రం లేస్తుంది గాని, ముందు చక్రం సంగతేమిటి? గంటసేపు గొంతుక్కూర్చొని పని చేసిన తండ్రి నడుము సంగతి ఆ ఇల్లాలిని అడగండి!

సికిందరాబాదు నుండి మన్మాడు వెళ్లే రైలు మార్గంలో బొల్లారం స్టేషను ఉంది. ఆ దాపున ఉన్న మచ్చ బొల్లారం ఒకప్పుడు పల్లె. తరువాత అల్వాల్ పురపాలక సంఘంలో భాగమై, 2007లో హైదరాబాదు మహానగరంలో కలిసింది. ఇలాంటి ఊళ్లలో వెల్డింగు షాపు దొరికినంత సులభంగా సైకిలు మేస్త్రీ దొరకడు. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం కూడా 2020 జూన్‌లో పని ఆపివేసింది. ఉన్న బండిని మనమే కాపాడుకోవాలి. అందుకు ఆ వెల్డింగు షాపే సాయపడుతుంది.

పాత సామాను కొట్టులో ఒకటిన్నర అంగుళాల జి.ఐ. పైపు తీసుకోండి. తుప్పు తిన్నది వద్దు. నిలువు పైపు నాలుగున్నర అడుగులు. దాని కొసన ఒక అడుగు పొడవు చెయ్యి అడ్డంగా ముందుకు రావాలి. ఆ చేతి చివర మరో అడుగు ముక్కను అడ్డంగా అతికించి, దాని రెండు కొనలకు పైకి తెరచుకున్న కొక్కేల వంటి ముక్కలు వేయించండి. సైకిలు పై కడ్డీ ఈ కొక్కేలలో కూర్చుంటుంది. రంగు పోకుండా కొక్కేలకు పాత ట్యూబు చుట్టి, పైన ట్యూబు పట్టీతో కట్టివేయండి. పెడళ్లు నడుము ఎత్తుకు వస్తాయి. రెండు చక్రాలూ గాలిలో తిరుగుతాయి.

అసలు జాగ్రత్త కాళ్ల దగ్గర. పెద్ద సైకిలు ఇంచుమించు 20 కిలోలు ఉంటుంది. ఆ బరువు స్తంభం మీద కాక, అడుగు దూరంలో ముందుకు వేలాడుతుంది. కనుక రెండు కాళ్లు సైకిలు కిందుగా రెండేసి అడుగులైనా ముందుకు చాచి ఉండాలి, మూడవది వెనుకకు. కాళ్లు పొట్టివైతే బండితోపాటు స్టాండూ మీద పడుతుంది. ఎక్కించేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి, పిల్లలను ఒంటరిగా ఎత్తనివ్వకండి. గోడకు ఇనుప చేతులు పాతించుకుంటే ఖర్చు ఇంకా తక్కువే, అయితే మట్టిగోడ అందుకు పనికిరాదు. ఆడపిల్లల సైకిలుకు పై కడ్డీ ఉండదు గనుక, సీటు గొట్టానికీ హ్యాండిలు మెడకూ మధ్య ఒక పైపు ముక్క గట్టిగా కట్టి దానిని కొక్కేలలో పెట్టవచ్చు.

దీనివల్ల ఎక్కువ లాభం చక్రం వంకర తీయడంలో కనిపిస్తుంది. ముందు చక్రానికి 32, వెనుక దానికి 40 పుల్లలుంటాయి. ఫోర్కుకు ఆనించి సుద్దముక్క పట్టుకొని చక్రాన్ని మెల్లగా తిప్పండి. రిమ్ము మీద గీత పడినచోట అది అటువైపుకు వంగింది. అక్కడ అటువైపు పుల్లను పావుచుట్టు వదులు చేసి, ఎదుటి వైపు పుల్లను పావుచుట్టు బిగించాలి. మళ్లీ తిప్పి చూడాలి. తొందరపడి ఒక్కసారే బిగిస్తే చక్రం గుడ్డు ఆకారానికి వస్తుంది. మొదటిసారి ఒక పూట పట్టవచ్చు, అది మామూలే.

ఒక్క పని మాత్రం స్టాండు మీద ఊరికే చేయకండి. పెడలు చేతిలోని కాటరు పిన్నును సుత్తితో కొట్టేటప్పుడు, కింద నేలనుండి ఒక చెక్క దుంగ ఆనించి, చేతిని దాని మీద మోపి కొట్టాలి. లేకుంటే ఆ దెబ్బ లోపలి గోళీలకు తగులుతుంది.