సెలవుల్లో ఇల్లు అమ్మాలంటే...

అండమాన్‌లో స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఊళ్లోని ఇంటిని బేరం పెట్టేముందు ఓడ టైమ్‌టేబుల్‌తోపాటు కాగితాలూ చూసుకోవాలి

విశాఖపట్నం ఓడ బయల్దేరే రోజు హాడో రేవులో శ్రీకాకుళం యాస గట్టిగా వినిపిస్తుంది. ఊరి అధికారిక పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురంగా మారినా అక్కడి తెలుగువాళ్ల నోట అది ఇంకా పోర్ట్‌బ్లెయిరే. సూట్‌కేసులు, తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు, చంకలో పిల్లలు. కొందరి చేతిసంచిలో మాత్రం ఓ పాత ఫైలు కూడా ఉంటుంది. తండ్రి పేరిట ఇంటి పన్ను రసీదులు, అంచులు చిరిగిన పాస్‌పుస్తకం, తాతలనాటి దస్తావేజు నకలు. అలాంటివారికి ఈ సెలవుల్లో రెండు పనులు. ఒకటి ఊరి సంబరం చూడటం, రెండోది ఊళ్లో ఇల్లు అమ్మటం. మొదటి పనికి ఎవరి సలహా అక్కర్లేదు. చిక్కల్లా రెండోదానితోనే.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో 3,80,581 మంది ఉంటే వారిలో 13 శాతానికి పైగా, అంటే సుమారు 50 వేల మంది, మాతృభాష తెలుగు. చేపల వేటకని, కూలి పనులకని, తర్వాత ఉద్యోగాలకని వెళ్లినవారిలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరానివారు, అందులోనూ శ్రీకాకుళం జిల్లావారు. వెళ్లిన తరం ఊళ్లో ఇల్లు ఉంచుకుని వెళ్లింది. అక్కడే పుట్టిన తరానికి జంగ్లీఘాట్, హాడోలే సొంతూళ్లు. ఊళ్లో ఇంటికి తాళం వేసి ఉంటుంది. ఉద్దానంలో అయితే 2013లో ఫైలిన్, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాన్ల తాకిడికి ఎన్నో పైకప్పులు దెబ్బతిన్నాయి. బాగుచేయించడానికి మనిషి లేడు. అమ్మేస్తే పోతుందన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం అవతల ఉండి ఇల్లు అమ్మి చూడమని అనలేదంతే.

ఓడ ఆగదు

అమ్మకాన్ని సెలవుల్లో ఇరికించడం మొదటి పొరపాటు. విశాఖ-పోర్ట్‌బ్లెయిర్ ఓడ సుమారుగా నెలకోసారి నడుస్తుంది. ప్రయాణానికి సుమారు 56 గంటలు, అంటే రెండు రోజులకు పైగా. వాతావరణాన్ని బట్టి, ఓడల మరమ్మతులను బట్టి తేదీలు జరుగుతుంటాయి. దీవుల్లో స్థిరనివాసం ఉన్నవారికి ఐలాండర్ కార్డు మీద ఓడ చార్జీలో రాయితీ ఉంది కనుక నలుగురైదుగురున్న కుటుంబం ఓడనే నమ్ముకుంటుంది. అటు ఓడ, ఇటు ఓడ మధ్య చేతిలో మిగిలే రోజుల్లో బంధువుల ఇళ్లు, పెళ్లిళ్లు, ఆస్పత్రి పనులు పోను రిజిస్ట్రారు కార్యాలయానికి దక్కేది నాలుగైదు రోజులే. ఆ సంగతి కొనేవాడికీ తెలుసు. తిరుగు ప్రయాణం రెండు రోజుల్లో ఉందనగా బేరం దిగిపోవడానికి కారణం ఇల్లు పాతదవటం కాదు, అమ్మేవాడి తొందర.

అందుకే పనిని రెండు సెలవులకు పంచుకోవడం మేలు. ఒక సెలవు కాగితాలకు, రెండోది అమ్మకానికి. మొదటి ప్రయాణాన్ని గ్రామదేవత సంబరాలకో సంక్రాంతికో పెట్టుకుంటే చెదిరిపోయిన తోబుట్టువులంతా ఒకచోట దొరుకుతారు. ఉద్దానం పల్లెల్లో కొన్ని ఏళ్లకోసారి జరిగే సంబరాలకు ముంబై నుంచి, గల్ఫ్ నుంచి కూడా మనుషులు దిగుతారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు. రెండో ప్రయాణం ఒక్కరే చేయొచ్చు, అవసరమైతే చెన్నై మీదుగా విమానంలో. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. ఓడ తేదీని నమ్ముకుని ఆ నెలల్లో రిజిస్ట్రేషన్ ముహూర్తం పెట్టుకోకపోవడమే మంచిది.

ఫైల్లో ఏముంది?

మొదటి సెలవులో తేలాల్సింది ఒకటే ప్రశ్న: ఆ ఇల్లు ఎలాంటి నేల మీద ఉంది? పల్లెల్లో చాలా ఇళ్లు గ్రామకంఠంలో ఉంటాయి. వాటికి సర్వే నంబరు వారీగా పట్టా ఉండదు. పంచాయతీ ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉంటాయి. పన్ను కట్టినట్టు రసీదు చెబుతుందే తప్ప ఇల్లు మీదేనని చెప్పదు. కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన స్వామిత్వ పథకం ఇలాంటి ఇళ్లను డ్రోన్లతో కొలిచి యజమానులకు ఆస్తి కార్డులు ఇవ్వడానికే. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది డిసెంబర్‌లో భూముల రీసర్వే కూడా ప్రారంభమైంది. కొలతల నాడు ఊళ్లో లేనివారి ఇల్లు ఎవరి పేరిట నమోదైందో వెళ్లిన వెంటనే సచివాలయంలో చూసుకోవాలి. తప్పుంటే అమ్మకం మాట తర్వాత, ముందు దిద్దుబాటుకు అర్జీ పెట్టాలి.

ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన డీ-పట్టా స్థలమైతే మరింత జాగ్రత్త అవసరం. ఎసైన్డ్ భూముల బదిలీపై 1977 నాటి చట్టం ఆంక్షలు విధించింది. నిషేధిత భూముల జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ కింద, ఆ సర్వే నంబరు ఉంటే దస్తావేజు రిజిస్టర్ కాదు. అడ్వాన్సు తీసుకున్నాక ఈ సంగతి బయటపడితే పరువూ పోతుంది, డబ్బూ తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. ఈసీ, అంటే ఆస్తిపై ఉన్న లావాదేవీల ధ్రువపత్రం కూడా ముందే తీసుకోవాలి. ఈసీ, అడంగల్, 1-బి లాంటివి ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి కనుక ఓడ ఎక్కకముందే చూడొచ్చు.

ఇంకో చిక్కు పేర్లది. శ్రీకాకుళం పాస్‌పుస్తకంలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. దీవుల రికార్డుల్లో అది తలకిందులై, స్పెల్లింగూ మారిపోయి ఉండొచ్చు. తండ్రి పోర్ట్‌బ్లెయిర్‌లో చనిపోతే మరణ ధ్రువపత్రం అక్కడిది, ఆస్తి రికార్డు ఇక్కడిది. రెండింటిలో ఉన్నది ఒకే మనిషి అని రుజువు చేసే అఫిడవిట్, తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం లేకుండా ముందుకు పోవడం కష్టం.

చెల్లెలి సంతకం

‘‘ఆడపిల్లలకు కట్నాలిచ్చేశాం, వాళ్లతో పనేంటి?’’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. చట్టం అలా అనదు. వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. పిత్రార్జితంలో కూతుళ్లకు వాటాను ఆంధ్రప్రదేశ్ 1986లో తెచ్చిన సవరణ ఇచ్చింది, అయితే 1985 సెప్టెంబర్ 5కి ముందే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005లో కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురికి పుట్టుకతోనే హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

కాబట్టి అండమాన్‌లో ఉన్న అన్న, విశాఖలో ఉన్న తమ్ముడు సంతకాలు పెడితే చాలదు. సోంపేటలో ఉన్న చెల్లెలు కూడా దస్తావేజు మీద సంతకం చేయాలి, లేదా తన వాటాను రిజిస్టర్డ్ పత్రంతో వదులుకోవాలి. ఆమె వాటా డబ్బు ఆమెకు ఇవ్వడం న్యాయం. అది ఇవ్వకుండా సంతకం దాటేసి అమ్మితే కొన్నవారిపైనా, అమ్మినవారిపైనా కోర్టు నోటీసు రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

అందరూ మళ్లీ ఓడెక్కి రావడం కుదరనప్పుడు పవర్ ఆఫ్ అటార్నీ దారి ఉంది. దీవుల్లో నివసించేవారు అక్కడి సబ్‌రిజిస్ట్రారు ఎదుటే దాన్ని రాసి ధ్రువీకరించుకోవాలి. నోటరీ ముద్రతో సరిపెట్టుకుంటే శ్రీకాకుళం జిల్లాలో తిప్పలు తప్పవు. పత్రంలో ఏ ఆస్తి, ఎంతకు తగ్గకుండా, డబ్బు ఎవరి ఖాతాలో అన్నది స్పష్టంగా ఉండాలి. రాసిచ్చిన వ్యక్తి చనిపోతే మామూలుగా ఆ అధికారం కూడా పోతుంది. అసలు అమ్మకం దస్తావేజు లేకుండా జీపీఏతోనే ఆస్తి చేతులు మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

డబ్బు చేతికొస్తే

స్థిరాస్తి బేరంలో 20 వేలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడం ఆదాయ పన్ను చట్టం ప్రకారం తప్పు, తీసుకున్నంత జరిమానా పడొచ్చు. అడ్వాన్సుతో సహా బ్యాంకులోనే వేయించుకోవాలి. రెండేళ్లకు మించి చేతిలో ఉన్న ఇంటిని అమ్మితే వచ్చే లాభం దీర్ఘకాలికం. 2024 జూలై 23 నుంచి దానిపై పన్ను 12.5 శాతం. అంతకుముందే సంక్రమించిన ఆస్తి అయితే దేశంలో నివసించే వ్యక్తులు ధరల సూచీ సర్దుబాటుతో 20 శాతం లెక్క కూడా వేసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు. తాతలనాటి ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఖరీదుగా చూపే వీలుంది. రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా లాభంపై మినహాయింపు దొరుకుతుంది. పల్లెలోని జీడితోట వ్యవసాయ భూమి కనుక, పట్టణాలకు చట్టం చెప్పిన దూరంలో ఉంటే దానిపై ఈ పన్ను లేదు. ఇల్లూ తోటా కలిపి అమ్మేటప్పుడు రెండింటి ధర విడివిడిగా రాయించుకోవాలనేది అందుకే.

కాళ్ల కింద నేల

ఇంతకీ ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? చాలామంది జవాబు: పోర్ట్‌బ్లెయిర్‌లో ఇల్లు. అసలు పరీక్ష ఇక్కడే. దీవుల్లో భూమి కేంద్ర ప్రభుత్వానిదని 1966 నాటి భూమి శిస్తు, భూసంస్కరణల రెగ్యులేషన్ చెబుతుంది. వ్యక్తులకు ఉండేది ఆ చట్టం ఇచ్చిన మేరకు హక్కు మాత్రమే. ఏ తరగతి హక్కు, సాగు నేలా ఇంటి స్థలమా అన్నది ఫారం-ఎఫ్ అనే హక్కుల రికార్డు చూస్తే తెలుస్తుంది. సాగు భూమిలో అనుమతి లేకుండా ఇల్లు కడితే అది చిక్కే. బదిలీకి ముందస్తు అనుమతి కావాలేమో అక్కడి తహశీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఇక అటవీ భూమిలో ఆక్రమణ అయితే కాగితం దొరుకుతుందన్న ఆశే వద్దు. 1978 తర్వాతి ఆక్రమణలు తొలగించాలని 2002 మే 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఊళ్లోని పక్కా ఇంటిని అమ్మి, తెలిసినవారి మాట మీద అలాంటి జాగాలో గోడలు లేపిన కుటుంబానికి చివరికి ఇక్కడా ఇల్లుండదు, అక్కడా ఉండదు. దీవుల్లో కొనబోయే ఇంటికి ఫారం-ఎఫ్ చేతికొచ్చాకే ఊళ్లో ఇంటికి అడ్వాన్సు తీసుకోవాలి. ఈ క్రమం తిరగబడకూడదు.

సెలవుల లెక్క

ఇల్లు ధర కట్టేటప్పుడు ఎవరూ వేయని లెక్క ఇంకొకటుంది. ప్రభుత్వోద్యోగులకు సొంతూరు వెళ్లిరావడానికి ఎల్‌టీసీ ఉంది. ఉద్యోగి ప్రకటించిన సొంతూరిని సర్వీసు మొత్తంలో ఒక్కసారి మాత్రమే, అదీ ప్రత్యేక పరిస్థితుల్లో మారుస్తారు. అక్కడ ఇల్లు ఉందా, దగ్గరి బంధువులున్నారా అన్నవి అందుకు చూసే కొలమానాల్లో కొన్ని. అమ్మకానికి ముందే కార్యాలయంలో అడిగి ఉంచుకోవడం మంచిది.

ఎల్‌టీసీ లేనివారికీ లెక్క ఉంది. ఇల్లు ఉన్నన్నాళ్లు వేసవిలో నెల రోజులున్నా బస ఖర్చు లేదు. ఇల్లు పోయాక బంధువుల గడప, లేదా పలాసలో లాడ్జి గది. పిల్లలకు ఊరంటే చుట్టపుచూపే అవుతుంది. ఆ ఖర్చూ, ఆ లోటూ కలిపి చూస్తే అమ్మకంకన్నా చిన్న మరమ్మతు చవక కావొచ్చు. నమ్మకమైన కుటుంబానికి రాతపూర్వక ఒప్పందంతో అద్దెకిచ్చి, ఒక గది మీకోసం ఉంచుకోవడం మధ్యేమార్గం. అన్నదమ్ముల్లో ఊళ్లో ఉన్నవారే మిగతా వాటాలు కొనుక్కుంటే అసలు ఇల్లు బయటికే పోదు.

అయినా అమ్మడమే మంచిదనిపిస్తే అమ్మొచ్చు, అందులో తప్పేమీ లేదు. ముసలి తల్లిని తమ దగ్గరికే తీసుకెళ్లినవారికి, పిల్లల చదువు అప్పు ఉన్నవారికి ఆ ఇల్లు డబ్బుగా మారడమే అవసరం. దీపం ఉండగానే చక్కబెట్టుకోవాలంతే. తల్లి బతికుండగా, తోబుట్టువుల మధ్య మాటలుండగా, కాగితాల మీద ఉన్న పేర్లు గుర్తుపట్టే పెద్దలు ఊళ్లో ఉండగా. ఓడ వచ్చే నెల మళ్లీ ఉంటుంది. ఆ పెద్దలు ఉంటారో లేదో చెప్పలేం.