పిడుదు పట్టు, విడిపించే పద్ధతి

కుక్క చెవి మడతలోనో, గేదె పొదుగు పక్కనో ఆముదపు గింజలా ఉబ్బి కనిపించే పిడుదు, కొన్ని ప్రాంతాలలో గోమారి అని పిలిచే జీవి, కీటకం కాదు. సాలెపురుగు, తేలు చేరిన అరాక్నిడా తరగతికి చెందినది. గుడ్డు నుంచి వెలువడిన లార్వా దశలో దానికి ఆరు కాళ్లే ఉన్నా, తరువాతి నింఫ్ దశలోనూ ప్రౌఢ దశలోనూ ఎనిమిది కాళ్లు ఉంటాయి. ఈ మూడు దశలలోనూ దాని ఆహారం నెత్తురే. ఎగరడం, దూకడం చేతకాని ఈ జీవి గడ్డిపరక కొననో గోడ పగులునో ఆశ్రయించి, దాపుకు వచ్చే జంతువు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను, ఒంటి వేడిని, వాసనను ముందుకాళ్ల మీద ఉండే హాలర్ అవయవం అనే గ్రాహకంతో పసిగట్టి, అందిన వెంట్రుకనో బట్టనో పట్టుకుని పైకి పాకుతుంది.

ఒకసారి కరిచాక దాని పట్టు అంత గట్టిగా ఎందుకుంటుందో తెలుసుకోవాలంటే నోటి నిర్మాణాన్ని చూడాలి. కెలిసెరాలు అనే రెండు కోత అవయవాలు చర్మాన్ని చీల్చి దారి చేయగా, ఆ దారిలోకి హైపోస్టోమ్ అనే భాగం దిగుతుంది. దాని మీద వెనక్కి వంగిన ముళ్ల వరుసలు ఉండడం వల్ల దిగినంత సులువుగా అది పైకి రాదు. అంతటితో ఆగక, వీపున గట్టి పలక ఉండే పిడుదులలో చాలా జాతులు లాలాజల గ్రంథుల నుంచి ఒక ప్రొటీన్ ద్రవాన్ని కూడా స్రవిస్తాయి. అది గాయం చుట్టూ గట్టిపడి నోటి భాగాలను చర్మానికి అతికించివేస్తుంది. శాస్త్రవేత్తలు దీనిని సిమెంటు అనే వ్యవహరిస్తారు. కుక్కలను ఎక్కువగా పట్టే గోధుమరంగు పిడుదు నోరు పొట్టిది కాబట్టి అది ప్రధానంగా ఈ సిమెంటు మీదే ఆధారపడుతుంది. పశువులను పట్టే హయాలొమా జాతుల నోరు పొడవైనది కాబట్టి చర్మంలోకి లోతుగా దిగుతుంది. నెత్తురు గడ్డకట్టకుండా ఆపే పదార్థాలు, కాటు నొప్పి తెలియనివ్వని పదార్థాలు, దేహపు రోగనిరోధక ప్రతిస్పందనను మందగింపజేసే పదార్థాలు కూడా ఆ లాలాజలంలోనే ఉంటాయి. అందుకే చాలామందికి పిడుదు కరిచిన సంగతే తెలియదు. ఆడ పిడుదు కొన్ని రోజుల పాటు అక్కడే ఉండి, దాదాపు వంద రెట్లు బరువు పెరిగేదాకా తాగుతుంది; తాగిన నెత్తురులోని అదనపు నీటిని లాలాజలంగా మార్చి తిరిగి ఆ జంతువు దేహంలోకే వదులుతుంది. రోగక్రిములు ఒంట్లోకి చేరే ప్రధాన మార్గం ఇదే.

ఈ నిర్మాణం అర్థమైతే ఇళ్లలో తరతరాలుగా సాగుతున్న చిట్కాలు ఎందుకు పనిచేయవో కూడా అర్థమవుతుంది. కిరోసిన్ పోస్తే, అగరుబత్తితో చురక పెడితే, నూనె గానీ వాసెలిన్ గానీ దట్టంగా పూస్తే పిడుదు ఊపిరాడక తానే విడిచిపోతుందని చాలామంది నమ్ముతారు. అయితే కదలకుండా ఉన్న పిడుదు గంటకు కొద్దిసార్లు మాత్రమే శ్వాసరంధ్రాలు తెరుస్తుంది కాబట్టి పూత దానిని త్వరగా చంపలేదు. పైగా సిమెంటుతో అతుక్కున్న నోటిని తక్షణమే విడిపించుకోవడం దానికీ సాధ్యం కాదు. అమెరికా శాస్త్రవేత్త గ్లెన్ నీధమ్ ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా పరీక్షించి, ఫలితాలను 1985లో పీడియాట్రిక్స్ పత్రికలో ప్రచురించారు. వాసెలిన్, గోళ్లరంగు, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వేడి అగ్గిపుల్ల, ఈ నాలుగింటిలో ఏదీ అక్కడి ప్రౌఢ కుక్క పిడుదులను విడిపించలేకపోయింది; చర్మానికి ఆనించి పట్టి నిలకడగా లాగడమే ఫలించింది. కిరోసిన్ సంగతి మరీ విచారకరం: అది కుక్క చర్మాన్ని కాల్చడమే కాక, కుక్క నాకినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణాంతకం కూడా కావచ్చు. మూగజీవానికి మేలు చేయబోయి ఇంత హాని చేయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

చిట్కాల వల్ల జరిగే మరో నష్టం కాలహరణం. పిడుదు ఎంతసేపు అంటిపెట్టుకుని ఉంటే క్రిమి చేరే అవకాశం అంత పెరుగుతుంది. అమెరికాలో లైమ్ వ్యాధి బాక్టీరియా చేరడానికి సాధారణంగా ఒక రోజుకు పైగా పడుతుండగా, కుక్కలకు జ్వరం, రక్తస్రావం తెచ్చే ఎర్లిఖియా కేనిస్ వంటివి కొన్ని గంటల్లోనే చేరగలవు. సంధిపాద జీవి ఒకటి క్షీరదానికి వ్యాధిని చేరవేస్తుందని తొలిసారి రుజువైనది కూడా పిడుదుతోనే. థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడరిక్ కిల్‌బోర్న్ పశువుల టెక్సాస్ జ్వరం మీద చేసిన ఆ పరిశోధన 1893లో వెలువడింది. రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించినది ఆ తరువాత నాలుగేళ్లకు, 1897లో.

కాబట్టి పిడుదు కనిపించిన వెంటనే తీసివేయాలి. చేతికి తొడుగు వేసుకుని, సన్నని మొనలున్న ట్వీజర్లను చర్మానికి వీలైనంత దగ్గరగా ఆనించి, ఉబ్బిన పొట్టను కాక తలభాగాన్ని పట్టి, కుదుపు లేకుండా ఒకే బలంతో నిటారుగా పైకి లాగాలి. పొట్టను నొక్కితే లోపలి ద్రవాలు గాయంలోకి చేరే ప్రమాదముంది. సిమెంటు వదలడానికి కొన్ని క్షణాలు పట్టవచ్చు కాబట్టి తొందర పనికిరాదు. హైపోస్టోమ్‌కు మరచీలకు ఉన్నట్టు చుట్లు ఉండవు కాబట్టి ట్వీజర్లతో మెలితిప్పడం వల్ల ప్రయోజనం లేదు, నోరు విరిగే అవకాశమే ఎక్కువ; పశువైద్యుల వద్ద దొరికే చీలిక కొక్కెం మాత్రం పొట్టను నొక్కకుండా అడుగు నుంచి పట్టే పరికరం కాబట్టి దానిని తయారీదారు చెప్పినట్టు నెమ్మదిగా తిప్పవచ్చు. నోటి ముక్క చర్మంలో మిగిలితే సూదితో కెలకకూడదు; సులువుగా రాకపోతే వదిలేస్తే చర్మమే క్రమంగా దానిని బయటికి నెట్టివేస్తుంది. తరువాత గాయాన్ని, చేతులను సబ్బుతో కడిగి స్పిరిట్ అద్దాలి. చెవి రంధ్రం లోపల గానీ కంటిరెప్ప మీద గానీ పట్టిన పిడుదును ఇంట్లో తీయబోకుండా వైద్యుడి దగ్గరకే వెళ్లాలి.

తీసిన పిడుదును గోటితో చిదమడం పల్లెల్లో మామూలే అయినా అది మానుకోవలసిన అలవాటు. క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరం అనే తీవ్రమైన వైరస్ వ్యాధి హయాలొమా పిడుదుల కాటుతోనే కాక, వాటిని ఉత్త చేతులతో చిదిమినప్పుడు కూడా సోకుతుంది. 2011లో గుజరాత్‌లోని అహ్మదాబాద్ జిల్లాలో అది మన దేశంలో తొలిసారి నిర్ధారణ అయినప్పుడు రోగితో పాటు చికిత్స చేసిన వైద్యసిబ్బంది కూడా మరణించారు. పిడుదును స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో వేసి మూత బిగిస్తే చాలు.

కుక్క విషయంలో ఒక పిడుదు దొరికితే వెతుకులాట అక్కడితో ఆపకూడదు. చెవుల లోపలి మడతలు, మెడపట్టీ కింద, కాలి వేళ్ల సందులు, చంకలు, గజ్జలు, తోక మొదలు వేళ్లతో తడిమి చూడాలి. గోధుమరంగు పిడుదు ప్రతి దశలోనూ నెత్తురు తాగాక కుక్కను విడిచి దిగిపోయి, గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనుక దాగుతుంది. అక్కడే ఒక ఆడ పిడుదు 4,000 దాకా గుడ్లు పెట్టగలదు. ఒంటి మీది వాటిని ఎన్ని ఏరినా ఇంటిని శుభ్రం చేయకపోతే ఫలితం నిలవదు. పిడుదుల మందులు వాడేముందు కుక్క బరువు, వయసు, ఆరోగ్యం చూసి పశువైద్యుడే నిర్ణయించాలి. ముఖ్యంగా పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లికి విషం కాబట్టి, రెండూ ఉన్న ఇంట్లో ఈ జాగ్రత్త ప్రాణాలకు సంబంధించినది.

పిడుదును తీసిన తేదీని రాసి ఉంచుకోవడం అవసరం. తరువాతి కొద్ది వారాలలో జ్వరం, తలనొప్పి, దద్దుర్లు, కాటు దగ్గర నల్లటి పొక్కు కనిపిస్తే వైద్యుడికి ఆ సంగతి చెప్పాలి. కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో 1957లో గుర్తించిన క్యాసనూరు అడవి జ్వరం హిమఫైసాలిస్ పిడుదుల నింఫ్‌ల వల్ల ఎక్కువగా సోకుతుంది కాబట్టి పశ్చిమ కనుమలకు వెళ్లివచ్చినవారు ఆ ప్రయాణం గురించి కూడా చెప్పాలి. తెలుగు రాష్ట్రాలలో తరచుగా వినిపించే స్క్రబ్ టైఫస్ పిడుదు వల్ల వచ్చేది కాదు. చిగ్గర్ అనే అతిసూక్ష్మమైన నల్లి లార్వా వల్ల వస్తుంది, దానిని ట్వీజర్లతో తీయడం కుదిరే పని కాదు. అయితే పిడుదు వల్ల వచ్చే ఇండియన్ టిక్ టైఫస్‌లోనూ, స్క్రబ్ టైఫస్‌లోనూ నల్లటి పొక్కు ఏర్పడవచ్చు, రెండింటికీ డాక్సీసైక్లిన్ అనే మందే పనిచేస్తుంది. అనుమానం బలంగా ఉన్నప్పుడు పరీక్షల ఫలితం కోసం ఆగకుండా వైద్యులు దానిని మొదలుపెడతారు. ఆ అనుమానం కలగడానికి రోగి చెప్పే కాటు వివరమే చాలాసార్లు ఆధారమవుతుంది.