ఆడిన మాట, ఆడని కాలు

మొన్న క్లాసులో "ఆడు" అనే క్రియ గురించి చెబుతున్నాను. ఢిల్లీలో పుట్టి పెరిగిన ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, సినిమా వంద రోజులు ఆడిందంటారు. ఆడేదీ పాడేదీ తారలు కదా, సినిమా ఎలా ఆడుతుందండీ?" అంది. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం ఆ ప్రశ్న నచ్చింది.

నిజమే మరి! పిల్లలు ఆడతారు, కూచిపూడి భాగవతులు ఆడతారు, బాగానే ఉంది. గానుగ కూడా ఆడుతుంది. నెలాఖరున మనబోటి వాళ్ళ చేతిలో డబ్బు ఆడదు. హరిశ్చంద్రుడు ఆడి తప్పనివాడు. అక్కడ ఆడటమంటే పలకటం. 1852లో అచ్చయిన బ్రౌను దొరగారి నిఘంటువులోనూ ఆట, కదలిక, పలుకు మూడూ ఈ ఒక్క మాట కిందే కాపురం ఉన్నాయి. పెళ్ళాడటంలోనూ, పోట్లాడటంలోనూ ఉన్నది ఈ ఆడటమే. ఒకదాని వెంట ఒకటి రావటం మాత్రం భాష తప్పు కాదు! నిండు చూలాలు నీళ్ళాడిందంటే ప్రసవించిందని అర్థం. ఇది మా క్లాసులో ఒక్కరికీ తెలియదు.

అడుగు సంగతి సరేసరి. నడిస్తే పడేదీ అడుగే, పన్నెండంగుళాలూ అడుగే, పాలు కాస్తే మాడేదీ అడుగే. సందేహముంటే "అడుగు" అంటాం. చిందు వేస్తే నాట్యం, చిందులు తొక్కితే కోపం. పాలు చిందాయా, ఇంట్లో ఈ రెండోది మొదలు!

పాఠం బాగా కుదిరిందని పొంగుతూ ఇంటికి వెళ్ళాను. ఆర్నెల్ల క్రితం మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. పక్క గదిలో మా అమ్మాయి నాట్యం సాధన చేస్తోంది. ఆ గజ్జెల చప్పుడు వింటూ అమ్మ, "దానికి కాలు నిలవదు, నాకు కాలు ఆడదు. ఏం చిత్రంరా!" అంది.

అన్ని అర్థాలు ఏకరువు పెట్టినవాణ్ణి, ఇంట్లో రోజూ వినే ఈ అర్థం క్లాసులో చెప్పనేలేదు.

మా అమ్మాయి గజ్జెలతోనే వచ్చి పాదం ఒళ్ళో పెట్టుకుని, "ఏదీ, బొటనవేలు ఆడించు నాయనమ్మా" అంది. ముగ్గురం వేలి వంకే చూస్తున్నాం. అమ్మ నుదుట చెమట పట్టింది.

"ఆడిందంటే?"

"ఆడింది నాయనమ్మా! నేను చూశాగా!"

నేనూ చూశాను. వేలు కదల్లేదు. పిల్ల అబద్ధమాడింది.

అమ్మ నా వైపు తిరిగి, "నువ్వూ చూశావుట్రా?" అని అడిగింది.

చూశానన్నాను.